మరల కూతకు

వివాహమైన పిమ్మట చెడుగుడు మానితిని. 2000 సంవత్సరమున సిడ్నీలో కరణం మల్లీశ్వరి మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గొనగా, నేనును బరువులు పట్టితిని. తలుపు మూసికొని చేయు సాధన గావున ఇంటివారు అడ్డు చెప్పలేదు.

నలువదియెనిమిదవ యేట మరల పోటీబరిలో నిలిచితిని. కూత పట్టిన కొన్ని క్షణములకే ఊపిరి తెగినది. ఇనుము నాకై కదలక కాచుకొని యుండెడిది. ఎదుటి యేడుగురు కాచుకొందురా? రెండవమారు నా కూతురి యీడు పిల్ల చీలమండ పట్టినది. కూత విడువక, ఆమెను ఈడ్చుకొనుచునే నడిగీత ముట్టితిని. అది యిన్నేండ్ల బరువుల ఫలమే.

చదువరులారా, స్త్రీకి వ్యాయామము తగునని యొప్పుకొనువారును దానిని తలుపుల వెనుకనే యుంచగోరుదురు. ఇన్నేండ్లు ఆ తలుపు గడియ వేసికొన్నది మాత్రము నా చేయియే.