నీళ్లు పోయాక మిగిలే గీత

నీళ్లు చేయడం తేలికనుకున్నాను. రంగు లేదు, ఆకారం లేదు, ఏముంది చేయడానికి! ఆ నీళ్లే నా నాలుగు నెలలు తినేశాయి.

గుడివాడలో మా ఇంటి పైగది నా ఆఫీసు. పగలు అక్కడ ల్యాప్‌టాప్, రాత్రి పదింటి తర్వాత అదే బల్ల మీద డయోరమా. చిన్న చిన్న బొమ్మలతో ఒక యుద్ధ సన్నివేశాన్ని నేల, గోడ, చెట్టుతో సహా చేసి పెట్టడమన్నమాట. నాది 1/72 స్కేల్. ఆరడుగుల మనిషి రెండున్నర సెంటీమీటర్లకి వచ్చేస్తాడు. ఈ సరదా ఉన్నవాళ్లలో చాలామంది చేసేది రెండో ప్రపంచ యుద్ధం ట్యాంకులే. నేనూ నార్మండీ తీరం చేశాను. చేశాక నాకే సిగ్గేసింది. పక్కనే బందరు కోట పెట్టుకుని, ఎప్పుడూ చూడని ఫ్రాన్స్ ఇసుక ఎందుకు పోస్తున్నట్టు?

బందరు కోట కథ మన స్కూలు పుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది. నిజానికి అది బురద కథ. 1759లో కోట ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, కమాండర్ కాన్‌ఫ్లాన్స్. ఇంగ్లిష్ కల్నల్ ఫోర్డ్ మార్చిలో వచ్చి ముట్టడి మొదలెట్టాడు. లోపలి సైన్యమే బయటి సైన్యం కన్నా ఎక్కువ. పైగా కోట చుట్టూ ఊబి, ఉప్పుటేళ్లు. గోడ కంటే గట్టి కాపలా అదే. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, సముద్రం పాటు మీదున్నప్పుడు, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు, ఫోర్డ్ సైన్యం మోకాళ్ల లోతు బురదలో నడుచుకుంటూ ఈశాన్యం బురుజు మీదికొచ్చింది. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో ఇంకోవైపు ఊబిలోంచి వచ్చి ఫ్రెంచివాళ్ల దృష్టి మళ్లించాడు. తెల్లారేసరికి కోట ఇంగ్లిష్‌వాళ్లది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల పని దాంతో అయిపోయినట్టే.

నేను చేద్దామనుకున్నది ఆ పది నిమిషాలే. గోడ మొదలు, కందకం, బురద, అందులో పాతికమంది. తుపాకులు తడవకుండా పైకెత్తి పట్టుకుని.

డయోరమాలో నీళ్లంటే ఎపాక్సీ రెజిన్. రెండు సీసాలుంటాయి, రెజిన్, హార్డెనర్. చెప్పిన కొలతలో కలిపి పోస్తే ఒక రోజులో గాజులా గట్టిపడుతుంది. యూట్యూబ్‌లో అంతే కనిపిస్తుంది. మన డెల్టాలో వాన ముసురులో పోసి చూడండి! హార్డెనర్ గాల్లో తేమ పీల్చి, పైన పాలమీగడలాంటి పొర కట్టింది. రెండోసారి తొందరపడి లోతంతా ఒకేసారి పోశాను. గట్టిపడేటప్పుడు లోపల వేడి పుడుతుంది, మందం ఎక్కువైతే ఆ వేడి బయటికి పోలేదు. డబ్బా చేత్తో పట్టుకోలేనంత కాలింది, మధ్యలో పగులు. మూడోసారి మూడు మిల్లీమీటర్ల చొప్పున పొరలు పొరలుగా పోశాను. అప్పుడు కింది మట్టిలోంచి బుడగలు. మట్టికి ముందే ఫెవికాల్ రెండు పూతలు వేసి, సందులు మూసేయాలని ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేను స్కిప్ కొట్టి ఉంటాను.

ఇవన్నీ కుదిరాక అసలు సమస్య మొదలైంది. నా నీళ్లు స్విమ్మింగ్‌పూల్‌లా ఉన్నాయి. ఒక ఆదివారం బండేసుకుని బందరు కోటవైపు వెళ్లి, మడ చెట్ల పక్కన గంటసేపు నీళ్లు చూస్తూ కూర్చున్నాను. ఒక ముసలాయన అనుమానంగా చూసి, వల మర్చిపోయావా అబ్బాయ్ అని అడిగాడు. అప్పుడు తెలిసింది, మన నీళ్లలో నీలం ఎక్కడా లేదని. ఒడ్డు దగ్గర పలచటి టీ, లోతులో మరిగిన డికాక్షన్. వచ్చి అడుగుకి రంగు మార్చాను. మధ్యలో నలుపుకి దగ్గరగా, అంచుల్లో బూడిద కలిసిన గోధుమ రంగు. లోతు అనేది నీళ్లలో ఉండదు, అడుగున వేసే రంగులో ఉంటుంది. పై పొరలో ఒక్క పుల్ల మొనంత ఎనామిల్ చాలు. సిపాయిల బట్టలు తొడల దాకా ముదురు చేసి వార్నిష్ వేశాను. ఫొటో పెడితే లైకులు బాగానే వచ్చాయి. అయిపోయిందనుకున్నాను.

అప్పుడే కంటి ఆపరేషన్ చేయించుకుని మా అమ్మమ్మ వచ్చింది. వాళ్లది కోడూరు దగ్గర పల్లె, దివిసీమ. కొత్త కన్నుతో ఇంట్లో ప్రతిదీ దగ్గరకెళ్లి చూస్తోంది. నా బల్ల దగ్గర చాలాసేపు నిలబడింది.

"ఏవిట్రా ఇది?"

చెప్పాను. సముద్రం పాటు మీదుంది, నీళ్లు తీసేశాయి, అందుకే నడవగలుగుతున్నారు అని.

"తీసేస్తే గోడ ఇంత పొడిగా ఎందుకుందిరా? నీళ్లు వచ్చినట్టు చేశావు. పోయినట్టు చెయ్యలేదు."

నిజమే. గోడ మీద నీటి అంచు దాకా తెల్లటి సున్నం. పోటులో నీళ్లు నిలిచిన గుర్తే లేదు. కొలిచి కొలిచి నీళ్లు పోసిన నాకు, అంతకుముందు నీళ్లెక్కడున్నాయో తట్టలేదు. ఒక మీటరు తేడా వేసుకున్నా 14 మిల్లీమీటర్ల పైన నాచుగీత ఉండాలి. గడ్డి దుబ్బులన్నిటికీ ఒకే ఎత్తులో చెత్త పట్టి ఉండాలి. అమ్మమ్మే కొబ్బరి పీచు తుంచి ఇచ్చింది. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. గట్టు మీద నేను వాడిన బందరు మట్టి చవుడు, వారంలోనే తెల్లగా ఉప్పు పూసింది. తుడిచేద్దామంటే వద్దంది. "పర్ర అలాగే ఉంటది, ఉంచు."

ఇక్కడో మాట చెప్పాలి. ఈ బొమ్మ తర్వాత నేను చేద్దామనుకున్నది 1977 ఉప్పెన. నవంబర్ 19, శనివారం. దివిసీమలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు దాదాపు పదివేలమంది. అంతకు నూటపదమూడేళ్ల ముందు, 1864 నవంబర్‌లో బందరు మీద పడ్డ ఉప్పెనకి ముప్పైవేలమంది పోయారంటారు. అది వచ్చిన మరుసటి ఏడాదే కోటలోంచి సైన్యాన్ని తీసేశారు. నా స్కెచ్‌బుక్కులో పెద్ద అల, దాని కింద తాటిచెట్లు. అల నురగ ఎలా చేయాలో కూడా చూసి పెట్టుకున్నాను. పారదర్శకమైన షీటు, దాని మీద జెల్, అంచుకి దూది.

అమ్మమ్మకి ఆ స్కెచ్ చూపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మకి అప్పుడు నాలుగేళ్లు. అమ్మ తర్వాత ఒక మావయ్య ఉండేవాడట. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. చివరికి ఆవిడే పుస్తకం తిరగేసింది.

"ఇలా కనపళ్లేదురా. చీకటి. చప్పుడే." పేజీ మూసింది. "తర్వాత చాన్నాళ్లు గోడ మీద గీత కనపడేది. సున్నం వేసినా పైకి తేలేది."

ఎంత ఎత్తులో అని అడిగాను. అడక్కుండా ఉండాల్సిందేమో. ఆవిడ లేచి తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి, చెయ్యి పైకెత్తింది. వేళ్లు సాచింది. "ఇంకో జానెడు పైకెళ్లాలి."

ఆవిడ పడుకున్నాక టేపు తెచ్చి కొలిచాను. ఏడడుగులు. అలవాటు కొద్దీ 72తో భాగించాను. మూడు సెంటీమీటర్లకి కాస్త తక్కువ.

అల గీసిన పేజీ చింపేశాను. ఇప్పుడు బల్ల మీద ఒకే ఒక్క గోడ ముక్క ఉంది, మనుషుల్లేకుండా, నీళ్లు లేకుండా. సున్నం రెండు పూతలు వేశాను. గీత ఇంకా సరిగ్గా పైకి తేలడం లేదు.