ముందు వరసలో మా బాపు

మన సినిమాల్లో విమానం అనగానే మీకేం గుర్తొస్తుంది? మెట్లమీద నుంచి హీరోగారు స్టయిల్‌గా దిగుతుంటారు. తెల్ల సూటు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో బ్రీఫ్‌కేసు! కింద పూలదండతో హీరోయిన్ నాన్నగారు సిద్ధం. అంతా బాగానే ఉంది గానీ, ఆ హీరోగారు విమానంలో ఏ తరగతి టిక్కెట్టు మీద వచ్చారో మాత్రం ఏ డైరెక్టరూ చూపించడు!

సినిమా హాలు సంగతైతే మనకు కొట్టినపిండి. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. ముందుకు పోయేకొద్దీ చవక, వెనక్కి పోయేకొద్దీ ఖరీదు. విమానంలో సీను పూర్తిగా రివర్సు! ముందు కూర్చున్నవాడు మహారాజు, వెనక కూర్చున్నవాడు మామూలు మనిషి. మధ్యలో ఓ పరదా.

ఆ పరదా ఖరీదెంతో గుండెకు తగిలేలా చూపించిన సినిమా నాకు తెలిసి ఒకటుంది. 2020లో వచ్చిన ‘ఆకాశం నీ హద్దురా’. సూర్య హీరో, సుధ కొంగర దర్శకత్వం. తండ్రి చివరి ఘడియల్లో ఉన్నాడని కబురొస్తే హీరో విమానాశ్రయానికి పరిగెత్తుకొస్తాడు. మామూలు టిక్కెట్లు అయిపోయాయి, మిగిలింది బిజినెస్ క్లాసే. జేబులో డబ్బు చాలదు. మిలిటరీలో తలెత్తుకు బతికిన మనిషి కనిపించిన ప్రతివాళ్ళ ముందూ చెయ్యి చాస్తాడు. 2003లో ఎయిర్ డెక్కన్ పెట్టి సామాన్యుణ్ణి విమానం ఎక్కించిన కెప్టెన్ గోపీనాథ్ జీవితం ఆ కథకు ఆధారం. ఆ సీను చూసి కళ్ళు తుడుచుకోని కొడుకు ఉంటాడా చెప్పండి!

ఇంతకీ ఈ విమానాల గొడవ బొగ్గుబాయిల ఊళ్ళో పుట్టిన నాకెందుకు? అక్కడికే వస్తున్నా.

మాకూ ఉండేదండీ విమానం!

మాది గోదావరిఖని. 2023లో ‘దసరా’ చూసినవాళ్ళకు సింగరేణి ప్రాంతం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నాని ఒంటినిండా ఆ మసి, ఆ బొగ్గు వ్యాగన్లు, ఆ ధూళి! మా పెద్దపల్లి జిల్లా 2016లో కరీంనగర్ నుంచి విడివడింది. రామగుండం ఎన్టీపీసీ ఒక్కటే 2,600 మెగావాట్ల కేంద్రం. మీరు ఏసీ హాల్లో కూర్చుని విజిల్ వేస్తున్నారంటే, ఆ చల్లదనంలో మా బొగ్గు పాలు కూడా కొంత ఉండవచ్చు సుమండీ!

ఇంత వెలుగు పంపే జిల్లాకు ఇవాళ ప్రయాణికుల విమానం లేదు. ఒకప్పుడు ఉండేది! హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటాక బసంత్‌నగర్ వస్తుంది. కేశోరాం సిమెంటు కార్ఖానాతో పేరుపడ్డ ఊరు. అక్కడ ఓ రన్‌వే ఉంది. 1980ల్లో వాయుదూత్ విమానం హైదరాబాద్ నుంచి అక్కడికి వచ్చేది. చిన్న ఊళ్ళకు విమానాలు నడపడానికని ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా కలిసి 1981లో పెట్టిన సంస్థ వాయుదూత్. 1993లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

వాయుదూత్ అనగానే గుర్తొచ్చేది డోర్నియర్ విమానం. కాన్పూర్‌లో తయారైన ఆ బుల్లి విమానానికి 19 సీట్లు. మధ్యలో సన్నని దారి, అటొక సీటు, ఇటొక సీటు. అంటే ఎక్కినవాళ్ళందరికీ కిటికీయే! ముందు తరగతీ లేదు, వెనక తరగతీ లేదు, పరదా అసలే లేదు. మేనేజరుగారు ఎక్కినా, కాంట్రాక్టరుగారు ఎక్కినా అదే కుర్చీ.

ఇప్పుడు ఖనివాళ్ళు విమానం ఎక్కాలంటే ముందు దాదాపు 230 కిలోమీటర్లు దక్షిణంగా హైదరాబాద్ పోవాలి, అది దాటి శంషాబాద్ పోవాలి. వెళ్ళాల్సింది ఉత్తరాన ఉన్న ఢిల్లీకైనా సరే! ఢిల్లీ రైళ్ళు మా రామగుండం స్టేషన్‌లోనే ఆగుతాయి. విమానం కోసం మాత్రం ఢిల్లీకి వీపు పెట్టి ఐదారు గంటలు ప్రయాణం చెయ్యాలి. తమాషాగా లేదూ?

ముప్ఫయ్యేళ్ళ మోకాళ్ళు

మా బాపు సింగరేణిలో కోల్‌ఫిల్లర్. ముప్ఫయ్యేళ్ళకు పైగా బాయిలో దిగాడు. పలుగుతో బొగ్గు తవ్వడం, తట్టతో ఎత్తడం, టబ్బు నింపడం. ఒక్కో టబ్బుకు సుమారు టన్ను. ఇప్పుడు కొన్ని బాయిల్లో కుర్చీల్లాంటి మ్యాన్‌రైడింగ్ మీద కూర్చుని దిగుతున్నారు గానీ, బాపు కాలంలో ఏటవాలు దారిలో నడిచే దిగాలి, షిఫ్టు అయ్యాక నడిచే ఎక్కాలి. ఆ ఎక్కుడూ దిగుడూ అన్నీ మోకాళ్ళలో జమయ్యాయి. ఇప్పుడు అరగంట కాళ్ళు ముడుచుకు కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి.

ఢిల్లీలో ఉన్న మా చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. బాపుకు ఇది మొదటి మనవరాలు. ఏడాది గడిచింది, బాపు కదలలేదు. “ఫోన్ల సూత్తున్న కదరా, సాలు” అంటాడు. సాలదని ఆయన కళ్ళే చెబుతాయి. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ, ఆ ఊపుడూ, ఆ మెట్లూ తన వల్ల కాదని భయం. తను అడ్డం పడితే నలుగురిలో ఎత్తుకుపోవాల్సి వస్తుందేమోనని ఇంకా పెద్ద భయం. బాయిలో స్ట్రెచర్ మీద పైకొచ్చినవాళ్ళను చూసిన మనిషి కదా.

అందుకని ముందు వరస టిక్కెట్లు రెండు తీసుకున్నాను. మామూలు టిక్కెట్టుకు ఎన్నో ఇంతలు. ఎంతయిందని అడగకండి, బాపుకే చెప్పలేదు!

పరదాకు ఇవతల

సోకు సంగతులు ముందు చెప్పేస్తాను, మీకూ సరదాగా ఉంటుంది. శంషాబాద్‌లో ఈ తరగతికి కౌంటరు వేరు, క్యూ వేరు. విమానం ఎక్కడంలోనూ వీళ్ళే ముందు. లాంజ్ అని ఓ పెద్ద హాలు ఉంటుంది, అందులో మెత్తటి సోఫాలు, ఇడ్లీ దగ్గర్నుంచి కేకు దాకా టిఫిన్లు. మన పెళ్ళిలో మగపెళ్ళివారి విడిది ఇల్లే అనుకోండి!

లోపలి లెక్క ఇంకా తమాషా. ఎయిర్ ఇండియా మూడు తరగతులుగా సర్దిన ఎ320 నియో విమానాన్నే తీసుకోండి. మొత్తం 164 సీట్లు. ముందు బిజినెస్ తరగతిలో 8, దాని వెనక ప్రీమియం ఎకానమీలో 24, ఆ వెనక 132. మామూలు వరసలో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ముందు మాత్రం అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. అమ్మేది ఆకాశం కాదండీ, మోకాలి ముందు జానెడు జాగా! అందరూ ఎగిరేది ఒకే ఎత్తున, దిగేది ఒకే నిమిషంలో. ముందున్నవాళ్ళేం ముందుగా ఢిల్లీ చేరరు.

మేం కూర్చోగానే ఎయిర్‌హోస్టెస్ వచ్చి, బాపును పేరుతో పలకరించి “సార్” అంది. ఆఫీసరు ఎదురైనట్టు బాపు గభాలున లేవబోయాడు. బెల్టు ఆపేసింది! ఆ అమ్మాయి నవ్వలేదు. వంగి, వేడి తువ్వాలు చేతికిచ్చింది. ఆయన దానితో చేతులు తుడుచుకుని, తువ్వాలుకు మసి అంటిందేమోనని తిప్పి చూసుకున్నాడు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

విమానం లేచాక పరదా లాగారు. బాపు వెనక్కి తిరిగి చూశాడు.

“గది ఎందుకురా?”

“వాళ్ళది వేరే క్లాసు బాపు.”

కాసేపు ఊరుకున్నాడు. “బాయిల మేనేజరు దిగినా, ఫిల్లరు దిగినా తొవ్వ ఒక్కటేరా. పైకప్పు కూలితే ఇద్దరి మీదా పడతది. గీడ మల్ల తొవ్వ నడుమ పర్దా ఏందో!” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి, “ఈ కుర్చీకి ఎన్ని టబ్బులైతయిరా?” అని అడిగాడు. దానికీ లేదు.

కాళ్ళు మాత్రం బారుగా చాపుకున్నాడు. కాసేపటికి కింద గోదావరి కనిపించింది, ఎండలో వెండి జరీ అంచులా. “గా నీళ్ళు మన దిక్కే పోతయి” అంటూ కిటికీకి ముఖం ఆనించాడు. జీవితమంతా భూమి లోపలినుంచి చూసిన మనిషి, మొదటిసారి దాన్ని పైనుంచి చూస్తున్నాడు. వెనక్కి వాలి పడుకోమంటే పడుకోలేదు. పింగాణీ ప్లేట్లలో భోజనం వచ్చింది. అన్నం, పప్పు తిని, కేకు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, మనవరాలికని.

రెండుంబావు గంటలు! ఢిల్లీలో బాపు ఎవరి చెయ్యీ పట్టకుండా లేచి నిలబడ్డాడు. చక్రాల కుర్చీ వద్దన్నాడు. నెమ్మదిగా, తన కాళ్ళమీద తనే నడిచి బయటికొచ్చాడు. చెల్లెలి చంకలోని పిల్ల కొత్త తాతను చూసి ఏడుపు లంకించుకుంది. కేకు బయటికి తీశాక ఏడుపు ఆగింది. నేను పెట్టిన డబ్బు ఆ నడకకు చెల్లిపోయింది. తువ్వాళ్ళూ సోఫాలూ కొసరు.

ఎవరి కోసం కొనాలి?

తిరుగు ప్రయాణానికి బాపు రైలే కావాలన్నాడు. ఏసీలో కింది బెర్తు దొరికింది. “ఇమానం మంచిదే బిడ్డా, కని మన ఊళ్ళ ఆగదు. రైలు ఇంటికాడ దింపుతది” అన్నాడు. ఆలోచిస్తే ఆయన మాటే న్యాయంగా తోచింది. ఎన్ని వేలు పోసినా ముందు వరస మమ్మల్ని శంషాబాద్‌లోనే దింపుతుంది. ఆ తర్వాత ఐదారు గంటల రోడ్డు మీద బిజినెస్ క్లాసు లేదు, మోకాలికి జాగా లేదు.

రోగులకూ, ముసలివాళ్ళకూ, దూరాన బిడ్డలున్నవాళ్ళకూ అసలైన పెద్ద క్లాసు ఏమిటంటే తమ ఊళ్ళో దిగడం. బసంత్‌నగర్‌లో ఏనాడైనా మళ్ళీ ఓ చిన్న విమానం వాలితే, అది డోర్నియర్ లాంటిదే కావాలని నా కోరిక. పరదా లేకుండా, అందరికీ కిటికీతో!

అందాకా కుర్ర పాఠకులకు ఓ మాట. మొదటి జీతం రాగానే సెల్ఫీ కోసం ముందు సీటు కొనాలని మీకూ ఉంటుంది, తప్పులేదు. కాకపోతే మీ మోకాళ్ళు ఇంకా కొత్తవి, వెనక వరసలో హాయిగా పట్టేస్తాయి. బాల్కనీ టిక్కెట్టు మీ ఇంట్లో ఎవరి కాళ్ళకు కావాలో ఓసారి చూడండి!