తొమ్మిది కిలోమీటర్లే గదా!

మా బళేపేటలో పట్టుచీరల మూటలు వేసుకొని వెళ్లే తోపుడుబండిని ఒకసారి గమనించండి. చదునైన బాటమీద ఆ మనిషి కూనిరాగం తీస్తూ పోతాడు. నాలుగడుగుల మిట్ట వచ్చిందా, రాగం ఆగిపోతుంది. దూరం వేరు, శ్రమ వేరు అనడానికి ఇంతకంటె సాక్ష్యమెందుకు?

ఈ సంగతి మా యింట చర్చకు వచ్చింది తిరుపతి మొక్కువల్ల. మా యింటావిడ ఈసారి అలిపిరినుండి కాలినడకన కొండ ఎక్కుతానని మొక్కుకొన్నది. మనుమడు రోజూ కబ్బన్ పార్కులో పరుగెత్తేవాడు. "తాతయ్యా, 9 కిలోమీటర్లే గదా! నేను గంటలోపల పరుగెత్తే దూరం. నానమ్మను రెండు గంటల్లో పైకి చేర్చేస్తాను" అన్నాడు. మొక్కు ఆవిడది, తొందర వీడిది!

అంగడి లెక్కలకు అలవాటుపడిన చేయి గనుక కాగితం తీశాను. చదునునేలమీద కిలోమీటరు దూరానికి, ఒంటి బరువులో ప్రతి కిలోకు, పరుగైతే సుమారు 1 కేలరీ, నడకైతే అందులో సగం ఖర్చు. 60 కిలోల మనిషి 9 కిలోమీటర్లు నడిస్తే 270. ఇది దూరం పద్దు.

ఇక ఎత్తు పద్దు. 60 కిలోలను 100 మీటర్లు పైకెత్తడానికి కావలసినది 14 కేలరీలే. కాని మన కండరాలు ఖర్చుచేసే శక్తిలో నాలుగోవంతే పనికివస్తుంది. తక్కినది వేడిగా పోతుంది. అందుచేతనే ఎక్కేవారికి అంత చెమట! కాబట్టి 100 మీటర్లకు 56 కేలరీలు. కొండ ఎత్తు ఆరువందల మీటర్లకు పైమాటే, మెట్లు 3,550. ఎత్తు పద్దు 340 దాటి, దూరం పద్దును మించిపోయింది. పరుగెత్తేవాడికీ తప్పించుకొనే దారి లేదు. చదునుమీద మడమ స్నాయువులు స్ప్రింగులవలె సాగి, ముడుచుకొని, కొంత శక్తిని తిరిగి ఇస్తాయి. ఎక్కేటప్పుడు ఆ సాయం తగ్గిపోతుంది. ప్రతి అడుగూ కండబలంతో వేయవలసినదే.

మనుమడు కాగితంవంక చూచి, "అయితే నానమ్మ ఎక్కలేదా?" అన్నాడు, గొంతు తగ్గించి.

ఎందుకు ఎక్కలేదు? ఇది అప్పువంటిది. నెమ్మదిగా నడిచినంతమాత్రాన ఎత్తు పద్దులో అసలు తగ్గదు. కాని వాయిదాలు పెంచుకోవచ్చు. రెండు గంటల్లో తీర్చవలసినదాన్ని ఐదు గంటలకు పంచితే గుండెకు బరువు తగ్గుతుంది. గాలిగోపురందాకా నిటారు గనుక అక్కడే ఎక్కువసార్లు కూర్చోవాలి. తరువాత దారి చాలా దూరం చదును. చివర మోకాలిమెట్టుకు కొంత ఓపిక మిగుల్చుకోవాలి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు ముందుగా డాక్టరు మాట వినడం మంచిది.

ఇప్పుడు మా ఒప్పందం ఇది: చీకటితోనే బయలుదేరాలి, సంచి మనుమడు మోయాలి, అడుగు మాత్రం నానమ్మది.

మీ యింటి పెద్దలను కొండ ఎక్కించేటప్పుడు గడియారం చూడకండి. వారు ఆయాసపడకుండా రెండు మాటలు మాట్లాడగలుగుతున్నారా లేదా, అది చూడండి. మాట ఆగిందంటే మీరూ ఆగండి.