అమృతసరమున మా అమ్మ

ప్రయాణమనగానే మా అమ్మకు మొదట తోచునది చూడవలసిన స్థలము గాదు, తినవలసిన పదార్థము. ఆమె తిండిపోతని తలంపవలదు. ఒరుల చేతివంట ఆమె ముట్టదు, అదియే చిక్కు. 2023వ సంవత్సరము డిసెంబరు మాసమున మేమిద్దరము అమృతసరమునకు బయలుదేరినప్పుడు ఆమె సంచిలో రెండు కిలోల బియ్యము, కందిపొడి, చింతకాయపచ్చడి, అటుకులు, ఒక చిన్న కరెంటు కుక్కరు నుండెను. మా నాన్నగారు పోయిన పిదప ఉల్లియు వెల్లుల్లియు గూడ విడిచినది. డెబ్బదినాలుగేండ్ల మనిషి, మారుమని చెప్పుటకు నాకు నోరు రాలేదు. నేనన్ననో సంస్కారము గలదాననని చిరకాలముగా నమ్ముకొన్నదానను. ఆ సంచిని జూచి లోలోపల నవ్వుకొంటిని. ఈ నవ్వు సంగతి చదువరులు జ్ఞప్తియందుంచుకొన వేడెదను.

ఢిల్లీ నుండి అమృతసరమునకు సుమారు 450 కిలోమీటర్లు. దారిపొడవున మంచు, కిటికీలోనుండి చూచిన నావచేలు గూడ పాలలో ముంచినట్లుండెను. మా యెదుట కూర్చున్న వృద్ధదంపతులు డబ్బా విప్పి పిన్నీలను ఉండలను మాకందిచ్చిరి. గోధుమపిండిని నేతిలో వేయించి బెల్లముతో కట్టిన ఉండలవి. పంజాబున చలికాలమందు ప్రతి యింటను చేసికొందురట. నేను రెండు తింటిని. మా అమ్మ నా చెవిలో, “నాకు పళ్ళు లేవని చెప్పవే” అనెను. ఆమెకు ముప్పదిరెండు పళ్ళలో ఇరువదితొమ్మిది నిక్షేపముగా నున్నవి. నేనా అబద్ధమును హిందీలో నప్పజెప్పితిని. ఆ ముసలమ్మగారు జాలిపడి ఒక ఉండను వ్రేళ్ళతో పొడిచేసి మరల అందిచ్చెను! మా అమ్మ దానిని కాగితములో పొట్లము గట్టి సంచిలో దాచెను. పారవేయలేదు, తినను లేదు.

అమృతసరమున తిండికి కొదవయా? కుల్చా యనునది మైదాపిండితో పొరలు పొరలుగా చేసి, లోపల ఉడికించిన బంగాళాదుంపయు, ఉల్లియు, దానిమ్మగింజల పొడియు కూరి, తందూరు పొయ్యి గోడకంటించి కాల్చెడి రొట్టె. దానిని చేతులతో నలిపి, వెన్న వేసి, ఉడికించిన శనగలతోడను చింతపండు పచ్చడితోడను పెట్టుదురు. ఒకటి తినువరకు రెండవది కావలెననిపించును; రెండవది సగము తినువరకు నిలుచుట కష్టమగును. దానిపై జానెడెత్తు గ్లాసులో, మీగడ తేలుచున్న లస్సీ. నేనిట్లు వీథి బల్లపై కూర్చుండి తినుచుండగా మా అమ్మ ప్రక్కన నిలిచి నా కొంగు మురికి గాకుండ పట్టుకొనెడిది.

ఆమెకు నచ్చినది ఒక్కటే, వడియాల అంగడి. ఆ యూరి అప్పడములును వడియములును ప్రసిద్ధమైనవి. మినపపప్పు రుబ్బి, మిరియములు ధనియములు దండిగా వేసి, నిమ్మకాయంతేసి ముద్దలుగా ఎండబెట్టుదురు. మా అమ్మ ఒకటి చేతబట్టి, విరిచి, వాసన చూచి, “గుమ్మడికాయ వెయ్యలేదు గానీ ఎండ మాత్రం బాగా తగిలింది” అని తీర్పు చెప్పెను. అంగడివానికి తెలుగు రాదు, ఆమెకు పంజాబీ రాదు. పావుగంట సేపు వారిద్దరు ఎండను గూర్చి చేతులతో మాటలాడుకొనిరి. కిలో వడియములు కొంటిమి.

జలియనువాలా బాగునకు పోయితిమి. 1919 ఏప్రిల్ 13వ తేదీ గుండ్లు తగిలిన గోడలింకను నిలిచియున్నవి. అచ్చట మేమేమియు మాటలాడలేదు.

హరిమందిరమునకు నాలుగు దిక్కుల నాలుగు వాకిళ్ళు. అన్ని దిక్కులవారును, అన్ని కులములవారును రావచ్చునని దాని భావము. అచ్చటి లంగరులో రేయింబవళ్ళు ఉచితముగా భోజనము పెట్టుదురు. దినమునకు ఏబదివేలమందికి తక్కువ కాకుండ తినుచుందురు. గురునానకు నాటి యీ ఆచారమును మూడవ గురువు అమరదాసు ఇంకను బిగించి, మొదట పంక్తిలో భుజించిన పిదపనే తన దర్శనమనెనట. అక్బరు చక్రవర్తి గూడ అందరితో నేలపై కూర్చుండెనని చెప్పుకొందురు. దైవదర్శనమే గాని భోజనము వలదని మా అమ్మ ముందే షరతు పెట్టియుండెను. కాని జనప్రవాహము మమ్ము తోసికొనిపోయి ఆ శాలలో పడవేసెను. ఎవరో ఆమె చేత పళ్ళెము పెట్టిరి. వరుసలో కూర్చుండక తప్పలేదు.

పప్పు వడ్డించిరి, పాయసము వడ్డించిరి. రొట్టెలవాడు వచ్చి నిలిచెను. ఆమె పళ్ళెము చాపెను, అతడు వేయలేదు. రొట్టెను రెండుచేతులు దోసిలిపట్టి పుచ్చుకొనవలెనని ఆమెకేమి తెలియును? ప్రక్కన కూర్చున్న ఆకుపచ్చ ఓణీ యామె మా అమ్మ మణికట్టులు రెండు పట్టుకొని దోసిలి చేసి యెత్తెను. మా అమ్మ కొయ్యబారిపోయెను. రొట్టె దోసిట పడెను. నావంక చూచెను. “తినకపోయినా ఫరవాలేదమ్మా” అంటిని. “అన్నం పారేస్తారుటే?” అని ఆమె తుంచి పప్పులో నద్దెను. పప్పులో వెల్లుల్లి యున్నదో లేదో ఆమె అడుగలేదు.

ఇంతలో ఆ స్త్రీ కొడుకు, నాలుగేండ్లవాడు, రొట్టెముక్కతో నా పాయసములో చేయిపెట్టెను. నేను పళ్ళెమును కొంచెము ఆవలికి జరిపితిని. ఎవరును చూడలేదనుకొంటిని.

ఆమె లుధియానాలో ఒక ఆసుపత్రి ఊడ్చునది. ఏటికొకసారి సెలవు పెట్టి వచ్చునట. ఈ మాట మా అమ్మకు తెలుగులో చెప్పుదునా మానుదునా యని క్షణకాలము తటపటాయించి చెప్పితిని. మా అమ్మ, “పిల్లాడు బడికి పోతున్నాడేమో అడుగు” అనెను. భోజనమైన పిదప ఆ స్త్రీ ఆమెను చేయిపట్టుకొని సేవ జరుగుచోటికి తీసికొనిపోయెను. అక్కడ కొండవలె వెల్లుల్లి! చుట్టు పదునైదుగురు స్త్రీలు పొట్టు తీయుచుండిరి. వెల్లుల్లి వాసన తగిలిన స్నానము చేయు మా అమ్మ గంటసేపు వారినడుమ కూర్చుండి పాయలు వలిచెను. వచ్చునప్పుడు వ్రేళ్ళు ముక్కుకడ పెట్టుకొని, “ఇది వారం దాకా పోదే” అనెను. ఆ స్త్రీ పేరు అడుగుట యిద్దరమును మరచితిమి.

తిరుగుప్రయాణమున బండి కదలిన కొంతసేపటికి ఆమె తలవని తలంపుగా, “పళ్ళెం పక్కకి జరిపావెందుకే?” అనెను.

“చేతులు కడుక్కోలేదమ్మా వాడు. శుభ్రత కోసం.”

“అవునవును. నేనూ మడి అనేదాన్ని.” కొంచెమాగి, “మీ వంటింటి కిటికీలో ఆ సొట్టగ్లాసు ఎవరిది?” అనెను.

మా పనిమనిషిది. పది సంవత్సరములుగా ఆమెకు టీ అందులోనే పోయుచున్నాను. నేను కిటికీవైపు తిరిగి మంచు చూచుచు కూర్చుంటిని. ఆమె సంచి తెరచి, పొట్లము విప్పి, పిన్నీ పొడిని చిటికెడు నోట వేసికొనెను.

హైదరాబాదు చేరిన మరునాడు మా అమ్మ యథాప్రకారము తలస్నానము చేసి మడిగట్టి తన వంట తాను చేసికొనెను. నేనా గ్లాసును తక్కిన గ్లాసులలో కలిపి బోర్లించితిని. పనిమనిషి వచ్చి, వెదకి, దానినే తీసి టీ త్రాగి, కడిగి, కిటికీలో పెట్టెను. మరునాడు మరల కలిపితిని. మరల కిటికీకి చేరెను. ఇట్లు అయిదు దినములు జరిగెను. ఆరవనాడు ఆమె, “నా గ్లాసు ఎందుకమ్మా రోజూ దాస్తారు?” అని అడిగెను. పొయ్యి ముందర అమృతసరపు వడియాలు వేయించుచున్న మా అమ్మ వెనుదిరిగి చూడలేదు. నేను ఒకే తీరు గ్లాసులు మూడు తీసి టీ పోసి, బల్లయొద్ద కూర్చుండుమంటిని. ఆమె గ్లాసు పుచ్చుకొని, గుమ్మము కడ నిలుచుండియే త్రాగెను.