ఇష్క్ కహానీ రాయాలంటే అమ్మీ ఇజాజత్ కావాలి



"ఆపా, నాకూ లవ్ స్టోరీలు రాయాలనుంది. యాడ షురూ చెయ్యాల?" అని మొన్న ఒక నిఖా దావత్‌లో మా బంధువుల అమ్మాయి అడిగింది. ఇంటర్ చదువుతోంది. బిర్యానీ వడ్డించే హడావిడిలో నా చెవి దగ్గరికొచ్చి అడిగింది. అడిగే ముందు ఒకసారి చుట్టూ చూసుకుంది, ఎవరైనా వింటున్నారేమోనని. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేనూ ఇరవై ఏళ్ళు అట్లా చుట్టూ చూసుకుంటూనే ఉన్నాను. దావత్‌లో జవాబు చెప్పే ఫుర్సత్ దొరకలేదు. ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

మాది రాయచోటి. నా బచ్‌పన్‌లో మా గల్లీలో చాలా ఇళ్ళ మొగవాళ్ళు కువైట్‌లోనే ఉండేవాళ్ళు. మా అబ్బా అక్కడ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవర్. రెండేళ్ళకోసారి వచ్చేవారు. మధ్యలో వచ్చేది క్యాసెట్లు. ఊరికి వస్తున్న వాళ్ళెవరి చేతనో, సబ్బులూ సెంటు సీసాలతో పాటు, తన గొంతు రికార్డు చేసి పంపేవారు. క్యాసెట్ వచ్చిందంటే ఆ సాయంత్రం దాదా, దాదీ, చాచా, ఫుప్పూ, పిల్లలం అందరం ఆంగన్‌లో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. అమ్మీ మాత్రం వంటింటి గడప దాటేది కాదు. దుపట్టా అంచు పళ్ళ మధ్య పట్టుకుని అక్కడి నుంచే వినేది.

ఆ క్యాసెట్ల సంగతికి మళ్ళీ వస్తాను. ముందు నవలల సంగతి.

1998లో నాకు పద్నాలుగేళ్ళు. బడి దగ్గర అద్దె పుస్తకాల షాపు ఉండేది, రోజుకు రూపాయి. అక్కడ నా చేతికి దొరికిన మొదటి నవల యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. బురఖా కింద దాచి ఇంటికి తెచ్చాను. మూడో రోజే అమ్మీకి దొరికిపోయాను. దెబ్బలు పడతాయనుకున్నా. అమ్మీ అట్ట మీది బొమ్మను కాసేపు చూసి, "ఇందులో ఏముంది? చదువు, నేనూ వింటా" అంది.

మా అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఉర్దూ, ఖురాన్ చదువుతుంది. ఆమె శనక్కాయలు ఒలుస్తుంటే నేను పక్కన కూర్చుని తెలుగు నవలను చూస్తూ మా ఇంటి మాటలో చెప్పేదాన్ని. దాదీకి అనుమానం రాకుండా పేర్లు మార్చేదాన్ని. జయంతి జమీలా అయింది. రాజశేఖరం రషీద్ అయ్యాడు. కాఫీ చాయ్ అయింది. కారు మాత్రం కారులాగే ఉంచాను, అంత మంచి కారును వదులుకోవడం ఇష్టం లేక. మంచి ఘట్టంలో ఆపేస్తే అమ్మీ శనక్కాయలు వదిలేసి "ఫిర్ క్యా హువా?" అనేది. ఎక్కడ ఆపితే ఎదుటివాళ్ళకు నిద్ర పట్టదో నేను అక్కడే నేర్చుకున్నాను.

అమ్మీ మంచి విమర్శకురాలు కూడా. హీరో, హీరోయిన్ పేజీలకు పేజీలు అపార్థాలతో నలుగుతుంటే, "ఇత్తే బాతాఁ కైకు? ఇద్దరూ ఒకే ఊర్లో ఉన్నారు, ఎదురెదురుగా కనిపిస్తున్నారు. ఇంకేం కష్టం వాళ్ళకి?" అనేది. అప్పుడు నవ్వుకున్నాను. ఆ మాట వెనక కువైట్ ఉందని చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

డిగ్రీలో ఉండగా నా సొంత నావెల్ మొదలుపెట్టాను. రెండు వందల పేజీల రూళ్ళ నోట్‌బుక్. హీరో పేరు విక్రమ్, హీరోయిన్ స్వప్న. ఊటీలో ఎస్టేట్, మంచు, పియానో. నేను అప్పటికి ఊటీ చూడలేదు, పియానో ఇప్పటికీ చూడలేదు. నేను చదివిన నవలల్లో మొహబ్బత్ అట్లాంటి చోట్లే పుట్టేది కాబట్టి అక్కడే పుట్టించాను. ఫెయిర్ కాపీ రాసి ఒక వారపత్రికకు పంపితే మూడు నెలలకు తిరిగొచ్చింది. అమ్మీకి చదివి చెప్తే అంతా విని ఒకే ప్రశ్న వేసింది: "ఈ పిల్ల ఇంట్లో బియ్యం ఎవరు ఏరతారు?"

కోపమొచ్చింది. ఆ నోట్‌బుక్కును సందూక్‌లో అడుగున పడేశాను. తర్వాత నిఖా, ఇద్దరు పిల్లలు, ట్యూషన్లు. మధ్యలో ఒకసారి మా పక్క ఊరి రచయిత వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలు చదివాను. ఆ పుస్తకానికి 2012లో కేంద్ర సాహిత్య అకాదెమీ యువ పురస్కారం వచ్చింది. మా కడప జిల్లా ముసల్మాను ఇళ్ళ అమ్మీలు, వాళ్ళ భయాలు, వాళ్ళ మాటలు తెలుగు కథలో ఉన్నాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'లోనూ అంతే. మన ఇల్లు కథ అవుతుందన్న ఎత్‌మాద్ వాళ్ళిచ్చారు. కానీ నాకు కావలసింది ఇష్క్ కహానీ. మన గల్లీలో ఇష్క్ ఎక్కడుంది? పిల్లను చూసుకుంటారు, మంగ్నీ అవుతుంది, నిఖా అవుతుంది, మూడో నెలలో ఆయన గల్ఫ్ విమానం ఎక్కుతాడు. ఇందులో రాయడానికేముందని అనుకునేదాన్ని.

2014లో అబ్బా ఇంతెఖాల్ చేశారు. అప్పటి నుంచి అమ్మీ మా దగ్గరే ఉంటోంది. తనతో పాటు ఒక రేకు సందూక్ తెచ్చుకుంది.

2020 రంజాన్. లాక్‌డౌన్. మస్జిద్‌లు బంద్, తరావీహ్ కూడా ఇళ్ళలోనే. ఒక రోజు సందూక్‌లో బట్టలు ఎండేయబోతే అడుగున పదకొండు క్యాసెట్లు, పాత టేప్ రికార్డర్ కనిపించాయి. దాని బెల్టు కరిగి జిగటగా అయిపోయింది. మా ఆయన రబ్బరు బ్యాండు వేసి ఎట్లాగో తిప్పారు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఒక క్యాసెట్ పెట్టాను. ఎ సైడు నాకు గుర్తున్నదే: దాదాకు సలాం, దాదీ మోకాళ్ళ నొప్పి, చాచా చదువు, పంపిన పైసల హిసాబ్. బి సైడు తిప్పితే ఖవ్వాలీ. అదీ గుర్తుంది. ఖవ్వాలీ మొదలవగానే దాదా మంచి నీళ్ళు తాగి లేచేవాడు, ఫుప్పూ వంట పనికి పోయేది, సభ ముగిసేది.

ఆ రాత్రి నేను లేవలేదు. అబ్బా పోయాక ఆయన ఇష్టపడిన పాటైనా విందామని కూర్చున్నాను. ఒక ఖవ్వాలీ అయింది. రెండోదీ అయింది. కాసేపు ఖామోషీ. తర్వాత అబ్బా గొంతు వచ్చింది. రబ్బరు బ్యాండు వల్ల కాస్త సాగుతూ, ఎవరో పక్క గదిలో పడుకుని ఉంటే వాళ్ళు లేవకుండా మాట్లాడినట్టు మెల్లగా. అమ్మీని పేరు పెట్టి పిలిచారు. మా ఇంట్లో ఆయన ఆమెను పేరు పెట్టి పిలవగా నేను ఎన్నడూ వినలేదు. "బిడ్డ తల్లీ" అనేవారు, లేకపోతే దగ్గేవారు.

ఆ తర్వాతి మాటలు నేను రాయను. ఎందుకో చెప్తాను.

రెండు నిమిషాలు విన్నానో లేదో, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి బటన్ నొక్కింది. అమ్మీ. కళ్ళల్లో కోపం లేదు. ఇల్లు అమ్ముతున్నప్పుడు తాళం చెవి ఇచ్చేవాళ్ళ ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"ఓ మేరేకు భేజే సో. తేరేకు నై."

నాకు పంపినవి, నీకు కాదు. క్యాసెట్ తీసుకుని వెళ్ళిపోయింది. సహర్‌కు లేచినప్పుడు మామూలుగా మాట్లాడింది గానీ, సందూక్‌కు తాళం పడింది.

నాకు నిద్ర పట్టడం మానేసింది. పదకొండు మంది ఉన్న ఇంట్లో భార్యతో ఒక్క మాట సొంతంగా మాట్లాడుకోవడానికి ఒక మనిషి వేల మైళ్ళ అవతల కూర్చుని రెండు ఖవ్వాలీలను పర్దాగా కట్టాడు. ఆమె అందరూ లేచిపోయే దాకా సబర్‌తో గడప దగ్గర నిలబడింది. విక్రమ్‌కీ స్వప్నకీ ఇంత తెలివి ఎక్కడిది? విలన్ లేడు, అపార్థం లేదు. ఇల్లు నిండా మనుషులు, మధ్యలో సముద్రం. ఘజల్ చెప్పేవాళ్ళు హిజ్ర్, విసాల్ అని అంత పెద్దగా పాడుకునేది మా వంటింటి గడప మీద ఉంది.

రాయాలి. కానీ అవి ఆమెవి. దొంగతనంగా రాసేద్దామా అని కూడా అనిపించింది, అబద్ధం చెప్పను. పేర్లు మార్చడం నాకు కొత్త కాదు కదా, జయంతిని జమీలా చేసినదాన్ని. రెండు పేజీలు రాసి చించేశాను. అమ్మీ నొక్కిన బటన్ చప్పుడు చెవిలో ఉండగా పెన్ను కదల్లేదు.

ఈద్ అయిన వారానికి అడిగాను. బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే షరతులు చెప్పింది. "నా పేరు వద్దు. మీ అబ్బా మాటలు ఒక్కటి కూడా వద్దు. నువ్వు విన్నవి మర్చిపో. నా ఇంతెజార్ కావాలంటే రాసుకో, అది గల్లీ అంతా చూసిందే."

మొదట ఏడుపొచ్చింది. ఆ మాటలే కదా అసలు ఖజానా, అవి లేకుండా ఏం రాయాలి? రాయడం మొదలుపెట్టాక తెలిసింది, అమ్మీ షరతే నన్ను రచయితను చేసిందని. మాటలు ఆమె దగ్గర ఉండిపోయాయి కాబట్టి నా హీరో మాటలు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ మనిషి ఏ గదిలో కూర్చుని రికార్డు చేస్తాడు, పక్క మంచం మీద ఎవరు గురక పెడుతుంటారు, ఎన్నిసార్లు చెరిపి మళ్ళీ చెప్తాడు అని ఆలోచించాను. నా హీరోయిన్‌కు పేరు దొరకడానికి నెల పట్టింది. ఆమె ఇంట్లో బియ్యం ఎవరు ఏరతారో మాత్రం మొదటి పేజీలోనే రాశాను.

1990 సంగతి గల్లీ అంతా చూసిందే. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి దిగింది. ఫోన్లు లేవు, ఖత్ లేదు, క్యాసెట్ లేదు. నాకు ఆరేళ్ళు. పొద్దున, రాత్రి రేడియో చుట్టూ మొగవాళ్ళు. ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరిన మనవాళ్ళను ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్ నుంచి బొంబాయికి తెస్తున్నాయని చెప్పుకునేవాళ్ళు. రెండు నెలల్లో లక్ష మందికి పైగా అట్లా వచ్చారు. మా అబ్బా సెప్టెంబరులో బొంబాయిలో దిగి, రైల్లో కడప, బస్సులో రాయచోటి వచ్చారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. ఆ రోజు ఇల్లు పట్టనంత జనం. అమ్మీ ట్రేలో చాయ్ తెచ్చి ఇచ్చి లోపలికి పోయింది. అబ్బా తాగి, ఇంకో చాయ్ అడిగారు. అమ్మీ మళ్ళీ తెచ్చింది. అదీ తాగి, ఇంకోటి. "ఏమిరా, కువైట్‌లో చాయ్ దొరకలేదా?" అని దాదీ నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాయ్ అడిగితే తప్ప ఆమె ఇవతలికి రాదని అప్పుడు నాకేం తెలుసు?

రోజూ ఇషా తర్వాత, పిల్లలు పడుకున్నాక, ఒక పేజీ. ఎక్కువ రాయాలనిపించినా ఒక పేజీయే, మర్నాటికి కొంచెం ఆకలి మిగలాలని. సగం అయ్యాక ప్రతిలిపిలో సీరియల్‌గా పెట్టాను. చాచాకు తెలిసి ఫోన్ చేశారు. "ఖాందాన్ ఆడపిల్లవి, ఇష్క్ మొహబ్బత్ రాస్తావా? అదీ మన ఇంటి భాషలో?" అన్నారు. ఆ ఇంటి భాషలోనే, మన దక్కనీలోనే, గోల్కొండలో ముల్లా వజ్హీ 1609లో 'కుతుబ్ ముష్తరీ' మస్నవీ రాశాడని చెప్పాను. కలలో చూసిన షహజాదీ కోసం షహజాదా బంగాల్ దాకా పోయే కహానీ అది. చాచా వజ్హీకి లొంగలేదు. అమ్మీ ఫోన్ తీసుకుంది. "నేను ఇజాజత్ ఇచ్చాను" అంది. అంతే, చాచా సలాం చెప్పి పెట్టేశారు.

బేటీ, నువ్వడిగినదానికి నా జవాబు ఇది. ఊటీ వెళ్ళొద్దు. నీ ఇంట్లో ఎవరు ఎవరి కోసం చాయ్ మళ్ళీ అడుగుతారో చూడు. చూసింది వాళ్ళదని గుర్తుంచుకుని ఇజాజత్ అడుగు. వాళ్ళు వద్దన్న చోట ఆగి, అక్కడి నుంచి నీ ఖయాల్‌తో రాయి. రోజుకు ఒక పేజీ చాలు. రాసింది ఇంట్లో ఒక్కరికైనా గట్టిగా చదివి వినిపించు. "ఫిర్ క్యా హువా?" అన్నారా, కహానీ బతికింది.

మొన్న శీతాకాలంలో ఆఖరి భాగం రాసేటప్పుడు చాయ్ ఘట్టాన్ని అమ్మీకి వినిపించాను. అదే పాత పద్ధతి, తెలుగు చూస్తూ ఇంటి మాటలో. హీరో మూడు చాయ్‌లు అడుగుతాడు. అమ్మీ శనక్కాయలు ఒలవడం ఆపేసింది. చాలాసేపు ఏమీ అనలేదు. నచ్చలేదేమో, హద్దు దాటానేమో అని నాకు గుండె దడ.

"తీన్ నై, చార్" అంది.

నేను చూస్తూ ఉండిపోయాను.

"మూడు మీరంతా చూశారు. నాలుగోది అందరూ పడుకున్నాక." మళ్ళీ ఒలవడం మొదలుపెట్టి, చేట వైపే చూస్తూ అంది: "ఇది రాసుకో."