వుడ్‌వర్డ్ వీధిలో చక్రాల వైద్యం

డిట్రాయిట్‌లో నది ఒడ్డున మొదలై వాయవ్య దిశగా సుమారు 27 మైళ్ళు సాగి పాంటియాక్ చేరే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద కాలు మోపని, అంటే చక్రం మోపని, తెలుగు కుటుంబం మన సంఘంలో ఉండదనుకుంటాం. పిల్లల్ని జంతు ప్రదర్శనశాలకి తీసుకెళ్ళాలన్నా, ఊరినించి వచ్చిన పెద్దవాళ్ళకి ఆర్ట్ మ్యూజియం చూపించాలన్నా అదే దారి. అయినా ఈ ఏడేళ్ళలో మేము ఆ రోడ్డుని సరిగ్గా చూసింది ఈ సెప్టెంబరులోనే. ఒక మంచి వీల్ అలైన్‌మెంట్ దుకాణం కోసం మూడు శనివారాలు దాన్ని పైనించి కిందికి గాలించాం.

సంగతి ఇది. మా మరిది వేన్ స్టేట్‌లో ఎమ్మెస్ చదివి, టెక్సస్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ తన హోండా సివిక్‌ని మాకు అప్పగించాడు. అతనికి కార్లంటే ప్రాణం. వెళ్ళే ముందు మా గరాజ్‌లోనే రెండు వారాంతాలు కూర్చుని, కంపెనీ స్ప్రింగులు తీసేసి పొట్టి స్ప్రింగులు వేశాడు. వీటిని ఇక్కడివాళ్ళు లోయరింగ్ స్ప్రింగులంటారు. బండి అంగుళంపావు నేలకి దిగుతుంది, మలుపుల్లో ఊగదు, చూడ్డానికి కుర్రతనంగా ఉంటుంది. స్ప్రింగులు కుదురుకోవడానికి ఒక వందా రెండొందల మైళ్ళు తిరగనిచ్చి అప్పుడు అలైన్‌మెంట్ చేయించమన్నాడు. "మంచి చోట చేయించండి వదినా. మంచి చోట అని మళ్ళీ చెబుతున్నా" అని విమానాశ్రయంలో కూడా అన్నాడు.

మేమిద్దరం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకున్నవాళ్ళం. అప్పట్లో మాకు తెలిసిన చక్రాల శాస్త్రమంతా సైకిల్ షాపు దగ్గరే. అతను చక్రాన్ని ఫోర్కులో గిర్రున తిప్పి, సుద్దముక్క పక్కన పట్టుకుని, ఎక్కడ గీత పడితే అక్కడ పుల్లలు బిగించి బెండు తీసేవాడు. కారు చక్రానికి అలా ఒక వంకర కాదు, మూడు కోణాలున్నాయని ఇప్పుడు తెలిసింది. ముందునించి చూసినప్పుడు చక్రం నిటారుగా ఉందా, పైభాగం లోపలికో బయటికో వాలిందా అన్నది కాంబర్. పైనించి చూసినప్పుడు రెండు చక్రాలూ సమాంతరంగా ఉన్నాయా, లేక మన పాదాల్లాగా వేళ్ళు లోపలికో బయటికో తిరిగాయా అన్నది టో. స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి ఎంత ఒరిగిందన్నది కాస్టర్.

బండిని కిందికి దించితే చక్రాన్ని పట్టుకున్న చేతులన్నీ కొత్త కోణంలో నిలబడతాయి. అప్పుడు కాంబర్ మారుతుంది, దానితోపాటు టో కూడా మారుతుంది. చాలా కార్లలో చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలుతుంది. ఆ వాలు కొద్దిగా ఉంటే టైరు దాన్ని ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది టో తప్పడం. ఒక చక్రం పావు డిగ్రీ పక్కకి చూస్తుంటే, మైలు దూరం వెళ్ళేసరికి ఆ రబ్బరు సుమారు 23 అడుగులు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు లెక్క. నమ్మకం లేకపోతే పిల్లల త్రికోణమితి పుస్తకం తీసి చూసుకోండి, మేమూ అలాగే చూశాం. వాలూ, ఈడ్పూ రెండూ కలిస్తే అరిగేది టైరు లోపలి అంచు. బండి పక్కన నిలబడి చూసేవాడికి ఆ అంచు కనబడదు.

మే నెలలో ఇంటి దగ్గరున్న ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్ళాం. గాజు తలుపులు, కాఫీ, టీవీ, ముప్పావుగంటలో పని. కాగితం చేతిలో పెట్టారు. ముందు చక్రాల టో మాత్రం పచ్చరంగులో ఉంది, తక్కిన గళ్ళలో మూడు ఎర్రగా ఉన్నాయి. అడిగితే "స్ప్రింగులు మార్చిన బండికి ఇంతకన్నా కుదరదు, తిన్నగానే పోతుంది కదా" అన్నారు. నిజమే, బండి తిన్నగానే పోయింది. వేసవంతా ఆసుపత్రికి రాత్రి డ్యూటీలకి అందులోనే తిరిగాం.

సెప్టెంబరులో అత్తగారూ మామగారూ వచ్చారు. వాళ్ళని పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరుడి గుడికి తీసుకెళ్ళాలని ఇండియాలో ఉండగానే మాట ఇచ్చాం. పోను సుమారు 300 మైళ్ళు, ఒహాయో టర్న్‌పైక్ మీద లారీల మధ్య. ఆ ఎర్ర గళ్ళు గుర్తొచ్చి మనసు ఒప్పలేదు. రిపోర్టులో మూడు విలువలు ఎర్రగా వస్తే, రోగి నడుస్తున్నాడు కదా అని ఇంటికి పంపేస్తామా?

అలా మొదలైంది వుడ్‌వర్డ్ యాత్ర. మొదటి శనివారం పాంటియాక్‌నించి బర్మింగ్‌హామ్ దాకా, రెండో శనివారం రాయల్ ఓక్, ఫెర్న్‌డేల్. ఈ రోడ్డు మీద ఎడమకి తిరగాలంటే ముందు కూడలి దాటిపోయి, మధ్యలో వదిలిన సందులో యూ తిరిగి, వెనక్కి వచ్చి కుడికి తిరగాలి. దీన్ని మిషిగన్ లెఫ్ట్ అంటారు. మామగారు వెనక సీట్లోంచి "ఏమర్రా, ఈ కొట్టుని మూడుసార్లు చూపించారు, కొంటారా ఏమిటి" అన్నారు.

ఏటా ఆగస్టు మూడో శనివారం ఈ రోడ్డంతా పాత కార్ల తిరనాళ్ళు. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి చందాల కోసమని మొదలైన డ్రీమ్ క్రూజ్ ఇది. అందులో నేలని రాసుకుంటూ పోయే బళ్ళు బోలెడు కనిపిస్తాయి. అలాంటి రోడ్డు మీద కిందికి దించిన బండికి వైద్యం చేసేవాడు దొరకడానికి ఇంత కష్టమేమిటని ఆశ్చర్యపోయాం. వెళ్ళిన ప్రతి దుకాణంలో రెండే ప్రశ్నలు అడిగాం: కాంబర్ కూడా సరిచేస్తారా, వెనక చక్రాలు కూడా చూస్తారా? ఒకరు రెండో ప్రశ్నకి నవ్వారు. ఒకరు స్ప్రింగుల మాట వినగానే తల అడ్డంగా ఊపారు. ఒకచోట బండి మూతి ర్యాంపుకి తగులుతుందని ఎక్కించుకోనే లేదు. నిజాయితీగా చేయలేమన్న వాళ్ళ మీద మాకు కోపం లేదు. చేశామని కాగితం ఇచ్చేవాళ్ళతోనే పేచీ.

చివరికి దారి చెప్పింది మా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే కుర్రాడు. అతని బండి మాదానికన్నా నేలకి దగ్గర. హ్యామ్‌ట్రామ్‌క్‌లో ఒక ముసలాయన ఉన్నాడు, వెళ్ళండి అన్నాడు.

హ్యామ్‌ట్రామ్‌క్ అంటే ఎయిట్ మైల్ రోడ్డు దాటి దక్షిణానికి వెళ్ళాలి. డిట్రాయిట్ నగరానికి ఉత్తరపు పొలిమేర ఎయిట్ మైల్. ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన ప్రతి తెలుగువాడికీ మనవాళ్ళిచ్చే మొదటి సలహా, అది దాటొద్దని. మేమూ కొత్తలో విన్నాం. నగర ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి పనిచేసే వైద్యులం కూడా శనివారం వచ్చేసరికి ఆ మాటే చెబుతుంటాం. ఇది మాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

దాటాక రోడ్డు వేరే కథ చెబుతుంది. 1909లో సెవెన్ మైల్, సిక్స్ మైల్ రోడ్ల మధ్య పరిచిన కాంక్రీటు మైలు ఇక్కడే, దేశంలో అలాంటి మొదటి మైలు అదేనని చెప్పుకుంటారు. ఇంకొంచెం దిగితే హైలాండ్ పార్క్. ఎడమ పక్కన ఫోర్డు పాత కర్మాగారం. కార్లు మనుషుల దగ్గరికి కదిలి వచ్చే వరస 1913లో అక్కడే మొదలైంది. పన్నెండున్నర గంటలు పట్టే ఛాసీ కూర్పు గంటన్నరకి దిగింది. 1914 జనవరిలో రోజుకి అయిదు డాలర్ల కూలి ప్రకటించిందీ అక్కడే. ఇవాళ పొడవాటి ఇటుక గోడలు, కిటికీలు.

మాది జపాను కారు కదా, అందుకని హైలాండ్ పార్క్‌లో ఇంకొక సంగతి కూడా తలచుకోక తప్పలేదు. 1982 జూన్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ళ చైనా సంతతి యువకుణ్ణి, పెళ్ళి కొద్ది రోజుల్లో ఉందనగా, ఇదే వుడ్‌వర్డ్ మీద బేస్‌బాల్ బ్యాటుతో కొట్టారు. నాలుగు రోజుల తర్వాత చనిపోయాడు. కొట్టిన ఇద్దరూ కార్ల పరిశ్రమలో పనిచేసినవాళ్ళు. జపాను కార్ల వల్ల ఉద్యోగాలు పోతున్నాయన్న కసి ఊరంతా ఉన్న రోజులవి. రాష్ట్ర కోర్టు వాళ్ళకి వేసిన శిక్ష ప్రొబేషనూ, మూడేసి వేల డాలర్ల జరిమానా. జైలు లేదు. అత్తగారికి ఇదంతా చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఈ కారులో ఇటు ఎందుకొచ్చాం" అన్నారు. ఇప్పుడు ఈ రోడ్డు నిండా జపాను కార్లే, చూడండి అన్నాం.

డేవిసన్ దగ్గర తూర్పుకి తిరిగి కొద్ది దూరం పోతే హ్యామ్‌ట్రామ్‌క్. చుట్టూ డిట్రాయిట్, మధ్యలో ఈ చిన్న ఊరు. ఒకప్పుడు పోలండు వాళ్ళ ఊరు. వాళ్ళలో ఎందరికో అన్నం పెట్టిన డాడ్జి కర్మాగారం 1980లో మూతపడింది. ఇప్పుడు పోలిష్ చర్చికి కూతవేటు దూరంలో బంగ్లాదేశీ మిఠాయి కొట్లు, యెమెనీ హోటళ్ళు. దుకాణం ఒక సందులో ఉంది. రెండు బళ్ళు పట్టే షెడ్డు, గాజు తలుపుల్లేవు, కాఫీ లేదు. యంత్రం మాత్రం మే నెలలో మేము చూసిన రకమే, చక్రాలకి బిళ్ళలు తగిలించి కెమెరాలతో కొలిచేది. యంత్రంలో తేడా లేదన్నది పాఠకులు గమనించాలి.

ముసలాయన బండిని లోపలికి రానివ్వలేదు. ముందు ప్రశ్నలు. ఎవరు వేశారు, ఎంత దించారు, ఎన్ని మైళ్ళయింది, బోల్టులు చివరిగా బిగించేటప్పుడు బండి నేల మీద బరువుతో ఉందా, గాల్లో వేలాడుతోందా? గాల్లో ఉండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్‌లు మెలితిరిగి బిగుసుకుంటాయట. ఆ ప్రశ్నకి అక్కడినించే టెక్సస్‌కి ఫోను చేశాం. నేల మీదే బిగించానన్నాడు మరిది. ముసలాయన తల పంకించి, టేపు తీసి ప్రతి చక్రం నడిబొడ్డునించి మడ్‌గార్డు అంచు దాకా కొలిచాడు. టైర్లలో గాలి చూశాడు. తర్వాత నేల మీద మోకాళ్ళేసి, వెనక ఎడమ టైరు లోపలి అంచు మీద అరచెయ్యి నెమ్మదిగా రాశాడు. మా గురువుగారు రోగి పొట్ట మీద చెయ్యి వేసే తీరు అచ్చం అదే. చెయ్యి తీసేసి "మీరూ చూడండి, వేలు మాత్రం పెట్టకండి" అని దీపం పట్టుకున్నాడు.

బయటి అంచున కొత్త టైరులా గాళ్ళున్నాయి. లోపలి అంచున రబ్బరు అయిపోయి ఉక్కు తీగెలు తెల్లగా పైకి తేలాయి.

ఆ టైరుతో గంటకి 70 మైళ్ళ వేగంతో, వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్ళతో, ఒహాయో దాటేవాళ్ళం. ఈ వాక్యాన్ని ఇంతకన్నా పొడిగించడం మా వల్ల కాదు.

ఆ రోజు అలైన్‌మెంట్ చేయలేదు. రెండు కొత్త టైర్లు కావాలి, ముందు చక్రాలకి కాంబర్ బోల్టులు, వెనక చక్రాలకి పొడవు మార్చుకోగల చేతులు తెప్పించాలి అన్నాడు. మరుసటి శనివారం రమ్మన్నాడు. వచ్చాక ర్యాంపు ముందు రెండు చెక్క పలకలు వేసి మూతి తగలకుండా బండిని ఎక్కించాడు. వెనక చక్రాలతో మొదలుపెట్టాడు, ఎందుకంటే వెనకవి ఎటు తోస్తే బండి అటు పోతుంది, ముందువి దాన్నిబట్టి సర్దుకోవాలి. వెనక కాంబర్ రెండున్నర డిగ్రీల వాలునించి ఒకటిన్నరకి వచ్చింది. వెనక ఎడమ టో దాదాపు అర డిగ్రీ బయటికి తిరిగి ఉంది, అసలు దొంగ అదే. డ్రైవరు సీట్లో మా వారిని కూర్చోబెట్టి బరువుతో మళ్ళీ కొలిచాడు. స్టీరింగు కోణం చెప్పే సెన్సరుని సున్నాకి తెచ్చాడు. అన్నీ అయ్యాక తనే వుడ్‌వర్డ్ దాకా నడిపి, తిరిగొచ్చి, ముందు వచ్చిన కొలతలూ తర్వాతి కొలతలూ పక్కపక్కనే ఉన్న కాగితం ఇచ్చి ఒక్కొక్క గడీ చదివి చెప్పాడు. రెండున్నర గంటలు పట్టింది. టైర్లూ సామాన్లూ కాక పనికి పుచ్చుకున్నది 160 డాలర్లు.

పిట్స్‌బర్గ్ వెళ్ళొచ్చాం. దర్శనం బాగా జరిగింది, పులిహోర కూడా. రాగానే లోపలి అంచులు దీపం పెట్టి చూసుకున్నాం, నాలుగూ సమంగా ఉన్నాయి. మన సభ్యుల పిల్లల్లో ఇలా స్ప్రింగులు మార్చిన కుర్రాళ్ళు నలుగురైదుగురు ఉన్నారని తెలుసు. వాళ్ళ టైర్లని బయటినించి చూసి ఊరుకోకండి.

ముసలాయన పేరు ఇక్కడ వేయడం లేదు. ఇప్పటికే రెండు వారాల వరస ఉంది, పత్రికలో వేయొద్దని ఆయనే అన్నాడు. కావలసినవాళ్ళు మాకు ఫోను చేస్తే దారి చెబుతాం. శనివారం ఒంటిగంటకి మూసేస్తాడు.