గాలి గొట్టం

బోధన్‌లో మా ఇంటి ముందు ఎప్పుడూ ఏదో ఒక బండి విప్పి ఉంటుంది. షెడ్డు లేదు. వేపచెట్టు కిందనే పానాలు, గోనెపట్టా, డీజిల్ డబ్బా. మాకూ పేర్లున్నాయి. అయినా బస్తీలో మేం 'తుర్కోళ్ల మెకానిక్‌లం'.

నిజాం వారసులంటూ మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లూ ఉన్నారు. 1930ల చివర్లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో మా దాదా చేసిన పని బాయిలర్‌లోకి చెరకు పిప్పి ఎత్తిపోయడం. ఏలుబడి మా దాకా రాలేదు. శక్కర్‌నగర్ పొగగొట్టం బూడిద మాత్రం వచ్చి దాదీ ఆరేసిన బట్టల మీద పడేది. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ లే ఆఫ్ అయింది. దాదా కొలువు కథ అట్లా ముగిసింది. అబ్బా నేర్చిన పానా పనే మాకు మిగిలింది.

కిస్తీల మీద ఒక పాత పికప్ కొన్నాం. పొలాలకు విత్తనం చెరకు, కూలీలు, నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు బస్తాలు. చెరకు ట్రాక్టర్ల వెనక పోతే ముందు దారి కనపడనంత దుమ్ము. బండి గాలి పీల్చుకునే మూతి కింద, బంపర్ వెనకాలే ఉంది. వారం తిరక్కుండానే ఫిల్టర్ మట్టితో మూసుకుపోయేది. లీటరు డీజిల్ కాలడానికి సుమారు 10,000 లీటర్ల గాలి కావాలి. అంత గాలిని ఆ దుమ్ములోంచే గుంజుతోంది మా ఇంజను.

సౌదీలో డ్రైవర్ పని చేసొచ్చిన బడే భాయ్, అక్కడి ఎడారి బండ్లకు గాలి గొట్టం టాపు దాకా ఉంటుందన్నాడు. అంతదూరం ఎందుకు, మన ట్రాక్టర్ బానెట్ మీద గిన్నె లేదా అన్నాడు అబ్బా. ఆ గిన్నెలో గాలి సుడి తిరుగుతుంది. బరువైన మట్టి అంచుకు కొట్టుకుని కింద పడుతుంది. మిగిలిన గాలే ఫిల్టర్‌కు పోతుంది. పాత సామాన్ల దుకాణంలో అట్లాంటి గిన్నె దొరికింది. కంపెనీ గొట్టం కంటే సన్నది పెడితే ఇంజనుకు ఊపిరాడదు, నల్లపొగ వస్తుంది. అందుకని అంతే లావు ఇనుప గొట్టం తెచ్చి, అద్దం పక్కనుంచి పైకి నిలబెట్టాం.

తప్పు చేసింది అక్కడ కాదు. గొట్టానికి చోటు కోసం ఫిల్టర్ డబ్బాను పక్కకు జరిపాం. దాని వెనక హోసు చాలలేదు. పాత ట్యూబ్ ముక్క చుట్టి తీగతో బిగించాం. ఫిల్టర్ ముందు అతుకు వదులైతే ఆ దుమ్మును ఫిల్టర్ ఆపుతుంది. వెనక అతుకు వదులైతే ఆపేవాళ్లు లేరు. నెల తిరిగేసరికి ఇంజనాయిల్ తగ్గడం మొదలైంది. సైలెన్సర్‌లో నీలిపొగ. అబ్బా హోసు ఊడదీసి లోపల వేలు పెట్టి తిప్పాడు. వేలికి ఎర్రమట్టి. "మిట్టీ అందర్ జారీ" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. రింగులు అరిగాయి, లైనర్ల నిండా గీతలు. ఇంజను పని అయ్యేసరికి అమ్మీ మెడలోని లచ్ఛా తాకట్టుకు పోయింది.

కొత్త హోసు, రెండు వైపులా క్లిప్పులు వేసి మళ్లీ బిగించాం. ఈసారి దుమ్ము ఆగింది. ఒక చెరకు రైతు తన బండికీ చేయించుకున్నాడు. "మీ తుర్కోళ్లకు చేతుల్లనే ఉంటది విద్య" అని మెచ్చుకున్నాడు. మంచి మనిషే. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. విద్య మా నెత్తుర్లో లేదు. అమ్మీ లచ్ఛా అమ్ముడుపోయే దాకా తెచ్చి నేర్పింది అది. జీతపు కొలువుల్లో ముస్లింలు తక్కువ, సొంతంగా బతుకుదెరువు చూసుకునేవాళ్లు ఎక్కువ అని 2006లో సచార్ కమిటీ రాసింది. ఏ తలుపులు మూసుకుంటే ఈ పానా పట్టామో అది ఎవరూ అడగరు.

ఆ నెలలోనే మా చోటాగాడు చదువు కోసం నిజామాబాద్‌లో గది వెతికాడు. ఒక ఇంటాయన బండి మొరాయిస్తుంటే వీడే స్టార్ట్ చేసి ఇచ్చాడు. ఆయన చాయ్ తాగించాడు, గది చూపించాడు, కిరాయి చెప్పాడు. చివర్న పేరడిగాడు. పేరు విన్నాక, గది చుట్టాలకు కావాలన్నాడు.

వాడు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా పికప్ బానెట్ ఎత్తాడు. హోసు విప్పి వేలు పెట్టి చూశాడు. వేలు శుభ్రంగా ఉంది. మళ్లీ బిగించాడు. లోపలికి మట్టి ఎక్కడినుంచి వస్తోందో వెతికి పట్టుకోవడం మాకు వచ్చు. మా చేతికి తాళంచెవి ఇచ్చేవాళ్లు, మా పేరు వినగానే తలుపెందుకు వేసుకుంటారో మీరే వేలు పెట్టి చూసుకోవాలి.